బల్బు కునుకు తీయని పూట

ఉస్తా మన్నాన్‌ను నాలుగు గంటల బండిలో బొఖ్తర్ జైలుకు పంపిస్తారు. దుషాంబే నుంచి తనిఖీకి వచ్చిన కరెంటు ఇన్‌స్పెక్టరు సవ్రినిసో చేతి గడియారంలో ఒంటిగంటా పది. మిగిలిన దాదాపు మూడు గంటల్లో ఓ అరగంట పోలీసు కెప్టెన్ బెహ్రూజ్ నోటికే పోయేట్టుంది.

అతను నేలలో తవ్వి అద్దాలు కప్పిన నిమ్మగుంట గట్టు మీద నిలబడి, ఇంజినీరు రాసిచ్చిన నివేదికను శుభలేఖ చదివినట్టు చదువుతున్నాడు. రెండు కాగితాలు, ఆరు ముద్రలు. సంగతి మాత్రం చిన్నదే. మంగళవారం సాయంత్రం అయిదున్నరకు ఈ గుంటలో, నిమ్మచెట్ల వరుసల మధ్య తోటమాలి ఒలిమ్ చచ్చిపడి ఉన్నాడు. చలికి చెట్లు మాడిపోకుండా గుంట చివర బొగ్గు పొయ్యి రాజేస్తారు. ఆ పొయ్యి వదిలే విషవాయువును బయటికి తోసేయడానికి ఒక ఫ్యాను ఉంది. ఆ రోజు ఫ్యాను మోటారు మాడిపోయింది. రంగూ వాసనా లేని వాయువు అద్దాల కప్పు కింద నిండింది. ఫ్యాను బిగించింది అరవై ఎనిమిదేళ్ళ ఉస్తా మన్నాన్, ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కరెంటు మేస్త్రీ. కాబట్టి తప్పు ఆయనది.

“‘రిలే పెట్టె లోపల ఒకటో నంబరుకు, మూడో నంబరుకు మధ్య నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేసి ఉన్నది. మంగళవారం ఉదయం సదరు మన్నాన్ బద్ధకము వలన...’ విన్నారా అపా? బద్ధకమట. ఇంజినీరు కమొల్ అంతటివాడు నిన్న సాయంత్రమే తేల్చేశాడు. ఇంక మీరు దుషాంబే నుంచి వచ్చి చేసేదేముంది? రెండు కిలోలు నిమ్మకాయలు కొనుక్కెళ్ళండి.”

“కొంటాను. ఈ పెట్టెకి సీలు ఎవరేశారు?”

“నేనే. మంగళవారం ఆరింటికి, నా ఉంగరంతో. ఇద్దరు సాక్షులు కూడా ఉన్నారు. ఇంతవరకూ ఎవరికీ విప్పలేదు, మొదటి మర్యాద మీకే.”

మర్యాదను కాదనకూడదు. సవ్రినిసో పొయ్యి గదిలోకి మెట్లు దిగింది. గోడకు ఇనప పెట్టె, దాని మూత మీద ఎర్ర లక్క. లక్క ఎక్కడా చెక్కు చెదరలేదు. కెప్టెన్ చాకుమొనతో లేపాడు. లోపల వేళకు ఫ్యానును వేసి ఆపే చిన్న గడియారపు రిలే, దాని ఒకటో నంబరు నుంచి మూడో నంబరుకు, నివేదికలో రాసినట్టే, చిటికెన వేలంత కాకపోయినా పెన్సిలు ములుకంత లావు రాగి తీగ.

కెప్టెన్ చాకు మడిచాడు. చూశారా అని కనుబొమలతోనే అన్నాడు.

సవ్రినిసోకు పొద్దున పదకొండింటికి లాకప్పులో ఉస్తా మన్నాన్ చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. ఆయన తడిసిన మేజోళ్ళతో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తన సంగతి కంటే మోటారు సంగతి చెప్పడానికే ఎక్కువ తొందరపడ్డాడు. మోటారు పలక మీద ఏడున్నర కిలోవాట్లని రాసి ఉంటే అది మోటారు గొప్పలు చెప్పుకోవడం కాదని, పూచీ పడటమని అన్నాడు. ఇరుసు మీద ఇంత బరువు ఇవ్వగలను, ఇంత వేడిలో, ఇంతసేపు అని. బజారులో ఎనభై కిలోల మూటను లారీ ఎక్కించే హమాలీని చూసి, రోజంతా ఆ మూట మోస్తూ తిరగమంటే తిరుగుతాడా? అంకె ఒక్కటే చదివి, “ఇంతసేపు” అన్న మాట చదవనివాడు చదువుకున్న గుడ్డివాడట.

ఈ మోటారు మూతబడ్డ పత్తి మిల్లులో క్రేనుకు పనిచేసింది. దాని ఒంటి తీరు చూడగానే ఉస్తా పసిగట్టాడు. క్రేను మోటారుది నలభై శాతం పని. పది నిమిషాల్లో నాలుగు నిమిషాలు తిరిగి, ఆరు నిమిషాలు చల్లారాలి. ఎడతెగకుండా తిప్పితే గంటకల్లా చుట్టలు మాడిపోతాయి. అందుకే ఆయన తన డబ్బాలోంచి గడియారపు రిలే తీసి పెట్టాడు. నాలుగు నిమిషాలు ఫ్యాను ఊడుస్తుంది, ఆరు నిమిషాలు పొగగొట్టం తన పని తాను చూసుకుంటుంది. నెలన్నర అలాగే గడిచింది. ఒకటో నంబరుకూ మూడో నంబరుకూ తీగ కలిపితే మాత్రం రిలే ఉన్నా లేనట్టే, ఫ్యాను ఇక ఆగదు.

ఆ సంగతి ఆయన ఒలిమ్‌కు చెప్పాడు. ఒలిమ్ దుషాంబేకు ఉత్తరం రాశాడు. “మోటారు మీద నలభై శాతం అని ఉంటే దాని అర్థమేమిటి? ఇంజినీరుగారిని అడిగితే నీకెందుకన్నారు. ఇలాంటి మోటార్లు మా వైపు పన్నెండు తోటల్లో ఉన్నాయి.” ఆ ఉత్తరం సోమవారమే సవ్రినిసో బల్ల మీదికి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం నకలు ఒకటి ఇక్కడి కరెంటు ఆఫీసుకు వెళ్ళింది. గురువారం వెళ్దాంలే అనుకుని, ఎగిరిపోకుండా ఉత్తరం మీద టీ కెటిల్ పెట్టింది. ఇవాళ గురువారం. వచ్చింది. అడిగినవాడు లేడు.

“ఈ తీగ చూశారా కెప్టెన్? రిలేలో పారేది చీమంత కరెంటు, పెద్ద స్విచ్చికి సైగ చేయడానికి. దీనికి వెంట్రుకంత తీగ చాలు. ఉస్తా మన్నాన్ మూడు కిలోమీటర్లు నడిచెళ్ళి పాత తీగ ఏరుకొచ్చుకునే మనిషి. ఇంత రాగి ఇందులో తగలేస్తాడా?”

“అయితే?”

“ఇది వేసినవాడు పలక మీద ఏడున్నర చూసి, పట్టికలో ఎదురుగా ఉన్న తీగ తెచ్చాడు. పుస్తకం వచ్చినవాడు. పని రానివాడు.”

“వంటింటి లెక్కలు,” అన్నాడు కెప్టెన్. “మా ఆవిడా ఇంతే. చారులో ఉప్పెక్కువైతే ఎవరేశారో చెప్పేస్తుంది. ఎప్పుడూ నేనే తేల్తాను.”

ఆమె మోటారు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. మాడిన వార్నిషు వాసన ఇంకా పోలేదు. పలక మీద 7,5 స్పష్టంగా ఉంది. కుడివైపు మూల మాత్రం బూడిదరంగు దట్టంగా పూసి ఉంది. మోటారు ఒంటికి మరెక్కడా అంత శ్రద్ధగా రంగు వేయలేదు. తలలోంచి పిన్ను తీసి గీకింది. రెండు రష్యన్ అక్షరాలు, పక్కన 40%.

* * *

తోట యజమాని హోతమ్ అకా, ఊరందరికీ అన్న వరస, వాళ్ళను వరండాలో తివాచీ మీద కూర్చోబెట్టాడు. రొట్టె తుంచాడు, ఎండు ఆప్రికాట్ల పళ్ళెం జరిపాడు, పాలిపోయిన మొహంతో ఒలిమ్ మంచితనం గురించి మాట్లాడాడు. తర్వాత గ్రీన్ టీ పోశాడు. కప్పు అంచుదాకా పోశాడు.

సవ్రినిసో ఆ నిండు కప్పు వంక చూసింది. ఈ దేశంలో అతిథి ఎంత కావలసినవాడైతే కప్పులో టీ అంత తక్కువ. కొంచెం కొంచెం పోస్తూ ఉంటే ఇంకాసేపు కూర్చోమని అర్థం. నిండా పోస్తే తాగి దయచేయమని. మనిషి నోటిని అదుపులో పెట్టుకోవచ్చు గాని, పుట్టినప్పటినుంచి అలవాటైన చేతిని పెట్టుకోలేడు.

“నన్ను త్వరగా పంపించేయాలని ఉన్నట్టుంది అకా.”

హోతమ్ ఇంకాస్త పోయబోయి, టీ పళ్ళెంలోకి ఒలికించాడు.

మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావని అడిగితే పక్క ఊళ్ళో పెళ్ళి పులావుకు వెళ్ళానన్నాడు. పన్నెండున్నర నుంచి నాలుగుదాకా అక్కడే, మూడొందల మంది చూశారన్నాడు. ఒలిమ్? రోజూ ఒకటిన్నరకు భోంచేసి మూడింటిదాకా కునుకు తీస్తాడు. ఆ వేళలో గుంట దగ్గర ఎవరూ ఉండరు. ఈ సంగతి ఎవరెవరికి తెలుసు? రోజూ వచ్చిపోయే అందరికీ. తాళం? పొయ్యి గదికి తాళమెందుకు, బొగ్గు ఎత్తుకెళ్తారా?

అన్నిటికీ జవాబుంది. మోటారు కాగితాలు అడిగితే మాత్రం లేదు. పోయాయన్నాడు, కాలిపోయాయన్నాడు, అసలు ఇవ్వలేదన్నాడు. సవ్రినిసో కప్పు ముట్టుకోకుండా అలాగే కూర్చుంది. నిండు కప్పు తాగకపోతే అతిథి లేవదు. ఆ సంగతి హోతమ్‌కు కూడా తెలుసు. పావుగంట తర్వాత అతనే లేచి లోపలికి వెళ్ళి, పరుపు కింద నుంచి ఒక కాగితం తెచ్చాడు.

మోటారుకు యోగ్యతా పత్రం. శక్తి: ఏడున్నర కిలోవాట్లు. పని: ఎడతెగకుండా. సంతకం: కమొల్, జిల్లా కరెంటు ఇంజినీరు.

“ఇది ఎవరికీ చూపించొద్దన్నారు అపా,” అన్నాడు హోతమ్, తివాచీతో మాట్లాడుతున్నట్టు. “నిన్న వచ్చి చెప్పారు. చూపిస్తే తోట మూయిస్తారట.”

కెప్టెన్ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఇంజినీర్లు కూడా పొరపాట్లు చేస్తారని, పొరపాటు వేరని, మనిషిని చంపడం వేరని అన్నాడు. కాగితం తప్పయినా తీగ ఉస్తాదే కదా అన్నాడు. పొద్దున మరమ్మతుకు వచ్చాడు, ఒకటిన్నరకు వెళ్ళిపోయాడు, మధ్యలో వేశాడు. “వెయ్యలేదని చెప్పగలరా మీరు? ఏ టైముకి వేశారో చెప్పండి, నా టోపీ తీసి మీకిస్తా.”

టోపీ ఆమెకు అక్కర్లేదు. టైము కావాలి. గడియారంలో రెండూ పది.

* * *

టైము గోడ అవతల దొరికింది. అందరూ ఖోలా, అంటే పిన్ని, అని పిలిచే ముహయ్యో పెరట్లో, తందూరు పొయ్యికి కప్పిన చీకటి కొట్టంలో.

సవ్రినిసో అక్కడికి తెలివితేటలు ఉపయోగించి వెళ్ళలేదు. ఆ ఫ్యాను రోజంతా పక్కనే గోల చేస్తుంటే ఎవరో ఒకరు తిట్టుకునే ఉంటారు, తిట్టుకునేవాళ్ళు టైము బాగా గుర్తుంచుకుంటారు అని వెళ్ళింది. ముహయ్యో ఖోలా నిజంగానే తిట్టింది, కానీ ఫ్యానును కాదు. ఖుజంద్‌లో ఉన్న తన చెల్లెల్ని.

“దానివల్ల రొట్టెలన్నీ మాడిపోయాయి తల్లీ. మంగళవారం. ఎనిమిది రొట్టెలు.” మూల గోడకు వేలాడుతున్న గుడ్డమూట దించి చూపించింది. రొట్టెను పారేయడం మహాపాపం. ఎంత మాడినా నానబెట్టి ఆవుకు పెట్టాలి. ఆవు కూడా రెండు రోజులుగా వద్దంటోంది. ఎనిమిది రొట్టెలూ అడుగున బొగ్గులా ఉన్నాయి.

“చెల్లెలేం చేసింది ఖోలా?”

“ఫోను చేసింది. కానీ నా కళ్ళు బల్బు మీదే ఉన్నాయి, ఒట్టు. బల్బు కునుకు తియ్యలేదు.”

కెప్టెన్ నవ్వబోయాడు. సవ్రినిసో చేత్తో ఆపింది.

కొట్టంలో తందూరు పైన ఒక బల్బు. పక్కింటి ఫ్యాను మొదలైన ప్రతిసారీ ఆ బల్బు ఒక్క క్షణం కునికి, మళ్ళీ తేరుకుంటుంది. ఫ్యాను పది నిమిషాలకోసారి మొదలవుతుంది. రొట్టెకు పట్టేదీ సరిగ్గా పది నిమిషాలే. నెలన్నరగా ముహయ్యో ఖోలా గడియారం చూడటం మానేసింది. బల్బు కునికితే పిండి తందూరు గోడకు కొడుతుంది, మళ్ళీ కునికితే ఊడదీస్తుంది. ఒక్కరోజు కూడా మాడలేదు. మంగళవారం కునికినప్పుడు ఎనిమిదీ కొట్టింది. కొట్టి చెయ్యి కడుక్కునేలోగా ఫోను మోగింది. చెల్లెలు తన కోడలి మీద మొదలుపెట్టింది. ఈమె బల్బు చూస్తూ వింటోంది. కోడలి కథ అయిపోయింది, వియ్యపురాలి కథ అయిపోయింది, బల్బు మాత్రం కదల్లేదు. పొగ వచ్చాక గాని తెలియలేదు.

“ఫ్యాను గోల ఆగిందా?”

“ఎక్కడ ఆగింది? ఆ రొట్టెలు కొట్టాక అస్సలు ఆగలేదు. మామూలుగా ఆగి ఆగి వస్తుంది కదా, అప్పుడు మాత్రం ఒకటే రొద. మూడింటి తర్వాత కీచుమని అరిచి చచ్చింది. హమ్మయ్య అనుకున్నా.” ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. “అయ్యో. నేను హమ్మయ్య అనుకున్నా తల్లీ.”

సవ్రినిసో ఆమె చేతిలో ఫోను అడిగి తీసుకుంది. మంగళవారం. చెల్లెలు. రెండూ మూడు నిమిషాలకు. మాట్లాడింది పంతొమ్మిది నిమిషాలు.

* * *

జీపు దగ్గరికి వచ్చేదాకా కెప్టెన్ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ నడిచాడు. అది మంచి లక్షణం కాదు.

“మాడిన రొట్టె సాక్ష్యమా?” అన్నాడు చివరికి. “జడ్జిగారు వెన్న అడుగుతారు.”

“మోటారు తిరిగేటప్పుడు పలక మీద అంకె ప్రకారమే తింటుంది. మొదలయ్యేటప్పుడు దానికి ఆరింతలు మింగుతుంది, ఆ ఒక్క క్షణం పక్కింటి బల్బుకు ఆకలవుతుంది. అందుకే కునుకు. బల్బు రెండూ రెండుకు కునికింది, అంటే ఫ్యాను అప్పుడు మొదలైంది; పొద్దునే తీగ పడి ఉంటే అది ఆగి మళ్ళీ మొదలయ్యేదే కాదు. రెండూ ఆరుకి ఆగాలి. ఆగలేదు. ఆగి ఉంటే, తర్వాత తీగ వేసినప్పుడు మళ్ళీ మొదలై బల్బు కునికేది. ఖోలా రొట్టెలు బతికేవి.” ఆమె గడియారం మీద వేలు పెట్టింది. “తీగ వేసింది ఆ నాలుగు నిమిషాల్లో. పొద్దున కాదు. మంగళవారం రెండూ రెండుకీ, రెండూ ఆరుకీ మధ్య. అప్పుడు ఉస్తా మన్నాన్ ఎక్కడున్నాడు?”

“వాడి కొంపలో. నాకేం తెలుసు?”

“మీకు తెలుసు. ఉస్తా పొద్దున నాకు చెప్పాడు, మీ పరువు పోతుందని రిపోర్టులో రాయించలేదట. మీ గదిలో ఒకే ప్లగ్గుకి హీటరు, కెటిల్, టీవీ పెడితే ప్లగ్గు కరిగి బల్లకి అతుక్కుందట. ఏ రోజు?”

కెప్టెన్ మెడ దగ్గర ఎర్రబడటం మొదలై పైకి పాకింది. మంగళవారం. ఒకటీ యాభైకి ఉస్తా వచ్చాడు. సరిగ్గా రెండింటికి ప్రాంతీయ అధికారి ఫోను. బల్ల కింద ఉస్తా సుత్తితో టకటక కొడుతుంటే, ఆ చప్పుడేమిటని పెద్దాయన అడిగాడు. నిందితుణ్ణి విచారిస్తున్నామని కెప్టెన్ చెప్పాడు. పెద్దాయన మెచ్చుకున్నాడు. పావుగంట మాట్లాడాడు.

“బూటుతో తన్ని ఆపమన్నాను,” అన్నాడు నెమ్మదిగా. “నా కాలి దగ్గరే ఉన్నాడు.”

జీపులో గడియారం మూడూ పది చూపిస్తోంది. సవ్రినిసోకు గెలిచినట్టు అనిపించలేదు. పప్పులో రాయి ఇంకా పంటికి తగులుతూనే ఉంది.

“ఆ నివేదిక ఒకసారి ఇవ్వండి.”

చదివింది. మొదటి పేజీ. రెండో పేజీ. ఒకటో నంబరు, మూడో నంబరు, నాలుగు చదరపు మిల్లీమీటర్లు, రాగి. కింద తేదీ: బుధవారం.

“కెప్టెన్, పెట్టెకి సీలు మంగళవారం ఆరింటికి వేశారు. ఇవాళ ఒంటిగంటకు నా ముందు విప్పారు. మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు. మీ మాటే.”

“నా ఉంగరం. ఎవరూ ముట్టుకోలేదు.”

“మంగళవారం మీరు మూత తీసి చూశారా?”

“ఎందుకు చూస్తా? చూడటం ఇంజినీరు పని.” అన్నాక అతను తన ఉంగరం వంక చూసుకున్నాడు.

బుధవారం నాటి నివేదికలో, గురువారం దాకా ఎవరూ తెరవని పెట్టె లోపల ఉన్న తీగ లావు రాసి ఉంది. ఏ నంబరు నుంచి ఏ నంబరుకో రాసి ఉంది, వేసినవాడికి తప్ప తెలియనిది. వాళ్ళిద్దరూ ఆ కాగితం వంక, ఆరు ముద్రల వంక చూశారు. పన్నెండు తోటల్లో పన్నెండు మోటార్లు, పన్నెండు దొంగ పత్రాలు. అర్థమేమిటని అడిగిన తోటమాలి ఒక్కడు. ఆ తోటమాలికి నలభై శాతం గురించి చెప్పిన ముసలాయన ఇంకొకడు.

“ఈ సంగతి తెలిసిన మనిషి ఇంకెవరూ మిగల్లేదు,” అంది సవ్రినిసో. “ఉస్తా తప్ప. స్టేషనుకి ఫోను చెయ్యండి.”

కెప్టెన్ ఫోను స్పీకరులో పెట్టాడు. డ్యూటీలో ఉన్న సత్తోర్ ఎత్తాడు. నోట్లో ఏదో నములుతున్నాడు.

“అంతా బాగానే ఉంది కెప్టెన్ అకా. బండి కూడా వచ్చేసింది. ఇంజినీరు కమొల్ వచ్చి ఇప్పుడే వెళ్ళారు. పాపం మంచి మనిషి. ముసలాయన చలికి వణుకుతున్నాడని హీటరు తెచ్చిచ్చారు.”

సవ్రినిసో ఫోను లాక్కుంది. “ఎలాంటి హీటరు?”

“ఇనపది అపా. పెద్దది.”

“పలక మీద ఏం రాసుంది?”

“పలకే లేదు. రెండు రివెట్ల గుర్తులున్నాయంతే, పీకేసినట్టు. ముసలాయనా ఇదే అడిగాడు, రాత లేనిది నాకొద్దన్నాడు. చాదస్తం. నేల కడిగి ఇంకా ఆరలేదు, కాళ్ళు తడిగా ఉన్నాయి, జలుబు చేస్తుంది తాతా అని నేనే కానిస్టేబుల్‌ని పంపాను, ప్లగ్గు పెట్టి రమ్మని.”

“ఆపు. పరుగెత్తు. ప్లగ్గు పెట్టొద్దని...”

“ఆఁ? సరిగ్గా వినబడట్లేదు అపా,” అన్నాడు సత్తోర్. “ఒక్క నిమిషం. ఇక్కడ లైటు ఉన్నట్టుండి డల్లయింది.”